పేనుకొరుకుడూ, నా తలకు పడ్డ సూదులూ

జుట్టు ఊడుతోందని నోరు జారితే చాలు, "తలకి ఇంజక్షన్లు ఇస్తున్నారంట కదా, చేయించేసుకో" అని సలహా పడేస్తారు. ఏ ఇంజక్షన్ అని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేరు. మా ఇంట్లో నేనూ మా తమ్ముడూ ఒకే ఏడాది తలకి సూదులు పొడిపించుకున్నాం. వాడి సిరంజిలో ఉన్నది వాడి రక్తంలోంచి తీసిందే. నా సిరంజిలో ఉన్నది స్టెరాయిడ్. నా మందు వాడికి ఇస్తే డబ్బులు దండగే.

నాది పేనుకొరుకుడు. ఎడమ చెవికి పైన రూపాయి బిళ్ళంత మేర జుట్టు పోయి నున్నగా తేలింది. నొప్పి లేదు, దురద లేదు. అమ్మ జడ వేస్తూ చూసి గుండెలు బాదుకుంటే గానీ నాకు తెలియలేదు. కొద్దిరోజులకే మెడ దగ్గర ఇంకొకటి వచ్చింది. పెద్దమ్మ గురివింద గింజ అరగదీసి రాయమంది. ఆమె చిన్నప్పటి నుంచీ చూసిన వైద్యం అదే. అమ్మ రోజూ ఉల్లిపాయ రసం పట్టించింది, బ్యాంకులో నా పక్క సీటావిడ కుర్చీ జరుపుకునేదాకా. ఇవి చాలనట్టు తిరుపతి వెంకన్నకి మొక్కుకుంది కూడా. జుట్టు వస్తే నాచేత తలనీలాలు ఇప్పిస్తానని! "వచ్చాక మళ్ళీ తీసేయడానికా అమ్మా?" అంటే, "మూడు కత్తెరలు చాల్లేవే" అంది.

ముందు వెళ్ళింది అద్దాల తలుపుల క్లినిక్‌కి. డాక్టరు కనపడలేదు. కౌన్సెలర్ అనే అమ్మాయి నా తలని ఫోన్‌తో ఫొటో తీసి, పీఆర్‌పీ, అంటే తమ్ముడికి చేసినట్టు సొంత రక్తంలోంచి తీసి పొడిచేది, ఆరు సిట్టింగులు, ఈ వారం కడితే తగ్గింపు అంది. ఇది ఏ జబ్బు అని అడిగితే "హెయిర్ ఫాల్ మేడమ్" అంది. లేచి వచ్చేశాను.

గుంటూరులో చర్మవ్యాధుల డాక్టరమ్మ మాత్రం లైటున్న భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. మచ్చ అంచున పొట్టి వెంట్రుకలున్నాయి, మొదలు దగ్గర సన్నగా, చివర లావుగా. వాటిని బట్టే గుర్తుపడతారట. తర్వాత నా గోళ్ళు చూసింది. ఈ జబ్బున్న కొందరికి గోళ్ళ మీద సూదితో పొడిచినట్టు చుక్కలు పడతాయి. థైరాయిడ్ పరీక్ష రాసింది. అందులో తేడా బయటపడి ఆ మాత్ర కూడా మొదలైంది, అది వేరే కథ. పేనుకీ దీనికీ సంబంధం లేదనీ, రోగాలతో పోరాడాల్సిన తెల్లకణాలు పొరపాటున వెంట్రుక కుదుళ్ళ మీద పడతాయనీ చెప్పింది. కుదుళ్ళు చచ్చిపోవు కాబట్టి జుట్టు తిరిగి రావచ్చు. చిన్న మచ్చలైతే చాలామందికి మందు లేకుండానే ఏడాదిలోపు వస్తుందట. నావి పెరుగుతున్నాయి కాబట్టి సూది మేలంది. గురివింద మాట ఎత్తగానే కోప్పడింది. ఆ గింజలో ఉన్నది విషం, ఇంట్లో పిల్లలుంటే అసలు ఉంచొద్దంది.

స్టెరాయిడ్ అనగానే అమ్మకి దడ పట్టుకుంది. "ఒళ్ళు ఉబ్బిపోతుందేమోనమ్మా" అంటే, "అమ్మా, ఇది మచ్చలోనే పని చేస్తుంది, ఒంట్లోకి వెళ్ళేది బాగా తక్కువ" అంది డాక్టరమ్మ.

మందు పేరు ట్రయామ్సినలోన్, మందుల షాపులో కెనాకార్ట్ అంటే ఇస్తారు. ఇన్సులిన్ సూదంత సన్నటి సూది. మచ్చ అంతటా సెంటీమీటరుకి ఒక పోటు చొప్పున, ఒక్కో పోటుకి ఒక చుక్క. మందు దిగినచోట చర్మం తెల్లగా ఉబ్బుతుంది, కాసేపటికి అణిగిపోతుంది. చీమ కుట్టినట్టుంటుందని నర్సు ధైర్యం చెప్పింది. చీమ కాదు, గండుచీమల పుట్టలో తల పెట్టినట్టుంది. చెవి దగ్గరైతే సూది దిగే చప్పుడు కూడా వినపడింది. మెడ దగ్గర పొడిచేటప్పుడు కళ్ళనీళ్ళు వాటంతటవే కారాయి. కాకపోతే పని నిమిషాల్లో అయిపోతుంది. ఆ రోజు తలస్నానం వద్దన్నారు. అటు నుంచి అటే బస్సెక్కి ఇంటికొచ్చి వంట చేసుకున్నాను.

నాలుగు నుంచి ఆరు వారాలకి ఒకసారి పొడుస్తారు. మొదటిసారికి ఏమీ కనపడలేదు. రెండోసారి తర్వాత వేలికి నూగు తగిలింది. అద్దంలో చూస్తే తెల్లగా ఉంది! ముసలితనం వచ్చేసిందనుకుని ఏడుపొచ్చింది. మొదట రంగు లేకుండా వచ్చి తర్వాత నల్లబడడం మామూలేనట. నాకు అలాగే నల్లబడింది. మెడ దగ్గర మాత్రం పోటు పడినచోట చిన్న గుంట పడింది. ఈ మందుకి ఆ గుణం ఉంది. అక్కడ సూది ఆపేస్తే నెలల్లో పూడింది. తలంతా పోతే ఏంటి గతి అని ఒకసారి అడిగాను. అప్పుడు సూదులతో పని కాదు, మాత్రలున్నాయి అంది. బారిసిటినిబ్ అనే మాత్రకి 2022లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చిందట. అంతవరకూ రాలేదు నాకు.

తమ్ముడిది మగవాళ్ళకి మామూలుగా వచ్చే బట్టతల. నాన్నకీ మేనమామలకీ ఉన్నదే. హార్మోను ప్రభావానికి కుదుళ్ళు ఏళ్ళ తరబడి చిక్కిపోతూ వస్తాయి. హైదరాబాద్‌లో వాడికి చేతి నుంచి రక్తం తీసి, యంత్రంలో గిర్రున తిప్పి, ఎర్రకణాలు అడుగున చేరాక పైన తేరిన పసుపు ద్రవంలోంచి ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని మాడంతా పొడిచారు. సిట్టింగుకి వేలు. ఉన్న వెంట్రుకలు కాస్త లావెక్కాయి, నిజమే. నుదుటి మీద నున్నబడ్డచోట ఒక్కటీ మొలవలేదు. మధ్యమధ్య మళ్ళీ చేయించుకుంటూ ఉండాలి, మినాక్సిడిల్ రోజూ రాయాలి. ఆ మినాక్సిడిల్ మొదట బీపీ మాత్రట. మింగినవాళ్ళకి ఒళ్ళంతా వెంట్రుకలు మొలిస్తే అప్పుడు తలకి మందైంది. పాపిట వెడల్పవుతున్న ఆడవాళ్ళకీ పీఆర్‌పీ ఇస్తారు. మా బ్యాంకులో డెంగీ తగ్గిన రెండు మూడు నెలలకి కుచ్చులు కుచ్చులుగా జుట్టు ఊడినావిడకి మాత్రం డాక్టరు ఏ సూదీ రాయలేదు. తిండి సరిగ్గా తినమని పంపేశారు. ఆవిడ జుట్టు తిరిగొచ్చేసింది.

మొన్న కుడి చెవి వెనక శనగగింజంత మచ్చ మళ్ళీ తేలింది. ఇది తిరగబెట్టే జబ్బని ముందే చెప్పారు కాబట్టి ఈసారి ఉల్లిపాయల జోలికి పోకుండా నేరుగా గుంటూరు వెళ్ళాను. డాక్టరమ్మ భూతద్దం పెట్టి చూసి, "చిన్నదే, ఈసారి సూది వద్దులే, వచ్చే నెల కనపడు" అని రాసుకునే మందు ఇచ్చి పంపింది.