నల్ల ఇసుకకి ఆన్‌లైన్ పాఠం

చెన్నై పెరుంగుడిలో కూర్చుని కీలక ఖనిజాల ప్లాంట్ల కోసం ఆన్‌లైన్ ట్రైనింగ్ తయారు చేస్తున్నానంటే, అమ్మ "అంటే బొగ్గా?" అంది. కాదమ్మా, మన భీమిలి బీచ్‌లో కాళ్లకి అంటుకునే నల్ల ఇసుక లేదూ, అందులో ఉండేలాంటివి అన్నాను.

దేశానికి బాగా అవసరమైనవంటూ కేంద్రం 2023లో ఇచ్చిన కీలక ఖనిజాల జాబితాలో 30 ఖనిజాలున్నాయి, యూరప్ వాళ్ల జాబితాలో 34. ఈ లెక్కలతోనే మొదలుపెట్టి 40 నిమిషాల వీడియో చేశాం. నైట్ షిఫ్ట్ ఆపరేటర్ ఒకాయన కాసేపు చూసి, ఫోన్ పక్కన పెట్టేసి, "జాబితా తెలిస్తే నా మెషిన్ నడుస్తుందా సార్?" అన్నాడు. నిజం చెప్పొద్దూ, సిగ్గేసింది.

మొత్తం పీకేసి మళ్లీ రాశాం. ఇప్పుడు మొదటి స్క్రీన్ మీదే గుప్పెడు ఇసుక. అందులో రకరకాల ఖనిజాల గింజలుంటాయి. ఇల్మనైట్ అయస్కాంతానికి అంటుకుంటుంది, కరెంటూ పాస్ చేస్తుంది. రూటైల్ కరెంటు పాస్ చేస్తుంది గానీ అయస్కాంతానికి లొంగదు. జిర్కాన్ రెండింటికీ లొంగని మొండిఘటం. ఏ గింజ ఏ తొట్టెలో పడుతుందో వేలితో లాగి చూపించాలి. ఇసుకలో తడి ఉందని సెట్ చేస్తే అన్నీ కలగాపులగం అయిపోతాయి, ముందు ఎందుకు వేడి చేస్తారో అప్పుడు వేరే చెప్పక్కర్లేదు.

అదే ఇసుకలో దొరికే మోనజైట్ అనే ఖనిజం దగ్గర మాత్రం పట్టుబట్టాను. అందులో థోరియం అనే రేడియోధార్మిక పదార్థం ఉంటుంది, దాని దుమ్ము పీల్చకూడదు. మాస్క్ ఎలా బిగించాలో స్క్రీన్ మీద టిక్కు పెట్టించి వదిలేస్తే కుదరదు, ప్లాంటులో ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి చూపించాల్సిందే. బడ్జెట్ పెరుగుతుందని మా మేనేజర్ ఇంకా గొణుగుతూనే ఉన్నాడు.