సెల్లార్‌లో కారు, కారులో కౌన్సెలింగ్

మా ఇంట్లో తలుపేసుకుని మాట్లాడుకునే గది లేదు. అందుకే మొదటి ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సెషన్ నిజాంపేటలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, కారులో కూర్చుని మొదలుపెట్టాను. పది నిమిషాలకే సిగ్నల్ పోయింది. వాచ్‌మన్ వచ్చి అద్దం తట్టి, "సార్, బండి స్టార్ట్ అవడం లేదా?" అన్నాడు. ఆ తర్వాత ర్యాంప్ పక్కకు మారాను.

అప్పటికి రెండేళ్లుగా రాత్రి పదకొండు దాకా అమెరికా టీమ్‌తో కాల్స్. ఆదివారం సాయంత్రం నుంచే కడుపులో తిప్పేది. ఒకరోజు ల్యాప్‌టాప్ తెరిచి, నలభై నిమిషాలు ఒకే మెయిల్‌ను చూస్తూ కూర్చున్నాను. ఏం రాసుందో బుర్రకెక్కలేదు.

ఆఫీసు తరఫున కొన్ని ఉచిత సెషన్లు ఉన్నాయి. మేనేజర్‌కు తెలుస్తుందేమోనని భయపడి, సొంత డబ్బుతో ఒక యాప్‌లో చేరాను. ముందు డిప్రెషన్ లక్షణాలు ఎంతున్నాయో చూసే పీహెచ్‌క్యూ-9 అనే ఫారం నింపమన్నారు. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. నాకు 13 వచ్చాయి. మార్కులు ఎక్కువొస్తే బాధపడింది జీవితంలో అదొక్కసారే.

అక్కడి కౌన్సెలర్‌తో అంతా ఇంగ్లిష్‌లోనే. స్టాండప్ మీటింగ్‌లో స్టేటస్ చెప్పినట్టు గడగడా చెప్పేశాను. ఆవిడ బర్న్‌అవుట్ అన్నారు, అంటే పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణ జాబితా ఐసీడీ-11లో దాన్ని జబ్బుగా కాక, ఉద్యోగానికి సంబంధించిన స్థితిగానే చూపిందని అప్పుడే తెలిసింది. ఊపిరి వ్యాయామాల పీడీఎఫ్‌లు పంపారు. మూడు సెషన్లతో మానేశాను.

తర్వాత తెలుగు మాట్లాడే క్లినికల్ సైకాలజిస్ట్‌ను వెతుక్కున్నాను. క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబర్ అడిగితే ఏమీ అనుకోకుండా ఇచ్చారు. మీరూ మొహమాటపడకుండా అడగండి. "పని అయ్యాక ఇంట్లో ముందు ఎవరితో మాట్లాడతారు?" అన్నారు. "ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావట్లేదండీ, అమ్మ ఫోన్ చేసినా విసుక్కుంటున్నా" అనేసి ఏడ్చాను. ఈ ముక్క ఇంగ్లిష్‌లో ఒక్కసారి కూడా నా నోట రాలేదు.

సైకాలజిస్టులు మందులు రాయరు. నిద్ర కోసం సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపితే, ఆయన థైరాయిడ్ పరీక్ష చేయించి, మాత్రలు అక్కర్లేదన్నారు. వారానికి రెండు రాత్రులు కాల్స్ వద్దని మేనేజర్‌ను అడగడం నాకిచ్చిన హోంవర్క్. అడగడానికి మూడు వారాలు పట్టింది. ఒక రాత్రికే ఒప్పుకున్నాడు.

ఖర్చు భరించలేనన్న మా కజిన్‌కు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఇచ్చాను. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత సేవ, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

వాచ్‌మన్ ఇప్పుడు అద్దం తట్టడు. ఏమనుకుంటున్నాడో గానీ, శనివారం పదింటికి నేను కారెక్కితే, బండ్లు కడిగే కుర్రాణ్ని కాసేపు అవతలికి పంపిస్తాడు.