ఒక్కసారిగా ఆపొద్దన్నారు

మాది దేవరకొండ వైపు ఊరు. బాబు ఆపరేషన్‌తో పుట్టాక నడుం నొప్పి పట్టుకుంది. పత్తి ఏరబోతే వంగలేకపోయేదాన్ని. ఊళ్లో ఆర్‌ఎంపీ ట్రమడాల్ గోలీలు ఇచ్చాడు. రోజుకు ఒకటి కాస్తా ఆరయ్యాయి. 2018లోనే ఆ మందును మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారట. షాపులో మాత్రం నన్నెవరూ చీటీ అడగలేదు.

మళ్లీ నెల తప్పిందని తెలిసిన రోజే గోలీలన్నీ పారేశాను. బిడ్డకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను. తెల్లారేసరికి ఒళ్లంతా చెమట, వాంతులు, కాళ్లు పీకుడు, కడుపులో మెలిపెట్టే నొప్పి. ఆశా అక్కకు ఒక్కదానికే నిజం చెప్పాను. ఆమె తిట్టలేదు, నల్లగొండ పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. "ఒక్కసారిగా ఆపొద్దమ్మా, గర్భానికే ప్రమాదం" అంది డాక్టరమ్మ.

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి రాసిచ్చారు. ఆ పేరు వినగానే అత్తమ్మ ఏడ్చేసింది, పిచ్చాసుపత్రికి పోయిందని ఊరంతా అంటారని. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే వెంట వచ్చాడు. అక్కడ నాలుక కింద కరిగే బుప్రెనార్ఫిన్ మొదలుపెట్టారు. ఒకటి మాన్పించి ఇంకోటి అంటగడుతున్నారేమోనని చాలా టెన్షన్ పడ్డాను. గోలీ మత్తు దిగిపోయినప్పుడల్లా నాతోపాటు కడుపులో బిడ్డా అల్లాడుతుందని, ఈ మందు నిలకడగా పనిచేస్తుంది కాబట్టి ఆ బాధ ఉండదని విడమరిచి చెప్పారు. అప్పుడు ధైర్యం వచ్చింది.

పాప పుట్టినప్పుడు బాగానే ఉంది. కడుపులో అలవాటైన మందు అందక వచ్చే బాధ రెండో రోజు రాత్రి మొదలైంది. కీచుమని ఆగని ఏడుపు, చేతులు వణుకు, వరసగా తుమ్ములు. పాలు పట్టుకోలేకపోయింది. నా వల్లేనని నేను ఏడుస్తుంటే సిస్టర్ లైట్లు తగ్గించి, పాపను నా ఎదకు ఆనించి పడుకోబెట్టింది. ఈ మందు వాడుతూ పాలివ్వొచ్చని, ఇస్తేనే మంచిదని చెప్పింది. తాగుతోందా, నిద్రపోతోందా, ఎత్తుకుంటే ఊరుకుంటోందా అని రాత్రింబవళ్లు చూసి రాసుకునేవారు. మార్ఫిన్ చుక్కలు వేయాల్సి వస్తుందేమో అన్నారు కానీ అంతదాకా రాలేదు. ఐదో రోజు ఒక పూట కడుపునిండా తాగి మూడు గంటలు పడుకుంది. నేను మాత్రం నిద్రపోలేదు, దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు దానికి ఏడో నెల. నా మందు ఇంకా నడుస్తోంది, డాక్టరు చెప్పినప్పుడే తగ్గిస్తాను. ఎవరికి చెప్పుకోవాలో తెలియనివాళ్లు ముందు మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

మొన్న పక్క ఊరి పిల్ల ఆశా అక్కతో మా ఇంటికొచ్చింది. ఐదో నెల. గోలీల పట్టీ కొంగున ముడేసుకుని ఉంది. సోమవారం తనతో నేనూ ఎర్రగడ్డ పోతున్నాను.