ముందు నేల, తరువాత కాలువ

నిర్లక్ష్యానికి గురైన పేటకు పార్కో, రైలు స్టేషనో రాబోతోందని విన్నప్పుడల్లా నాకు సంతోషంతో పాటు భయమూ కలుగుతుంది. సౌకర్యం రాగానే నేల విలువ పెరుగుతుంది, దాని వెంటే అద్దె పెరుగుతుంది, ఇన్నేళ్లూ మురుగునూ చీకటినీ భరించినవారు తీరా మంచి రోజులు వచ్చేసరికి మూటాముల్లె సర్దుకోవలసి వస్తుంది. లండన్‌లోని శ్రామికుల పేటల్లో ఈ మార్పును గమనించిన సామాజిక శాస్త్రవేత్త రూత్ గ్లాస్ 1964లో దీనికి జెంట్రిఫికేషన్ అని పేరు పెట్టారు.

ఈ భయాన్ని ముందుగానే పసిగట్టినవారు ప్యూర్టో రికో రాజధాని సాన్ హువాన్‌లో కాన్యో మార్టిన్ పెన్యా అనే కాలువ ఒడ్డున నివసించే ప్రజలు. పూడికతో, చెత్తతో మూసుకుపోయిన ఆ కాలువ పెద్ద వాన కురిస్తే పొంగి, మురుగునీరు ఇళ్లలోకి చేరేది. పూడిక తీయిస్తామని ప్రభుత్వం ముందుకు వచ్చినప్పుడు, కాలువ శుభ్రపడితే ఒడ్డున ఉన్న నేల మీద అందరి కన్నూ పడుతుందని వారు గ్రహించారు. అందుకే పనులకన్నా ముందు నేల సంగతి తేల్చాలని పట్టుబట్టారు. 2004లో వచ్చిన చట్టం వారి ఇళ్ల కింద ఉన్న సుమారు 200 ఎకరాల ప్రభుత్వ భూమిని కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్టు అనే ఉమ్మడి ట్రస్టుకు అప్పగించే ఏర్పాటు చేసింది. ఇల్లు కుటుంబానిది, నేల అందరిది. ఆ నేలను వాడుకునే హక్కు రిజిస్టరై పిల్లలకు సంక్రమిస్తుంది, నేల మాత్రం అమ్మకానికి రాదు. 2009లో చట్టాన్ని మార్చి ఈ భూమిని వెనక్కి తీసుకున్నారు. పేటవాసులు పోరాడి 2013లో మళ్లీ సాధించుకున్నారు. విడివిడి పట్టాలై ఉంటే ఆ నేల ఒక్కొక్క ముక్కగా ఎప్పుడో చేతులు మారిపోయి ఉండేదని నా నమ్మకం.

ఈ పద్ధతిలో కష్టమైన విషయం ఒకటుంది. కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్టు ఇల్లు కొన్న పేద కుటుంబం సాధారణంగా దానిని పూర్తి మార్కెట్ ధరకు అమ్ముకోలేదు. తరువాత వచ్చే పేద కుటుంబానికి కూడా అది అందుబాటులో ఉండాలన్నదే ఆ నిబంధన ఉద్దేశం. ఆ నష్టం చిన్నది కాదు, అయినా నేను నిబంధన పక్షానే ఉంటాను, ఎందుకంటే అది లేకపోతే ఒక కుటుంబం పొందే లాభంతో ఆ ఇల్లు పేదలకు శాశ్వతంగా దూరమైపోతుంది.

ఇదంతా నడిపేది ఎవరన్నది కూడా ముఖ్యమే. బోస్టన్‌లోని డడ్లీ స్ట్రీట్ పేటలో 1980ల మధ్యలో బయటి సంస్థలు సదుద్దేశంతోనే, పేటను బాగుచేసే ఒక కొత్త సంస్థకు పాలకమండలిని ప్రతిపాదించినప్పుడు, ఇందులో ఇక్కడ నివసించేవారు ఎందరని స్థానికులు నిలదీశారు. దాంతో మండలిని తిరగరాసి పేటవాసులకే మెజారిటీ ఇచ్చారు. ఖాళీ స్థలాలను నిర్బంధంగా సేకరించే అధికారాన్ని ఆ కొత్త సంస్థ 1988లో నగరం నుంచి పొందింది.