నా 1:59:41 నాకు దక్కేదాకా

ఎట్టకేలకు నా రిజల్ట్ దిద్దారు. పేరు పక్కన ఉన్న ‘అనర్హులు’ అన్న ముద్ర తీసేసి 1:59:41 అని పెట్టారు. హాఫ్ మారథాన్, అంటే 21 కిలోమీటర్ల పైచిలుకు, రెండు గంటల లోపు. నా పాత పీబీ, అంటే అప్పటిదాకా నా బెస్ట్ టైమ్, 2:04:18. ఆ రెండు అంకెల మధ్య ఎంత చెమట ఉంటుందో పరిగెత్తేవాళ్ళకి చెప్పక్కర్లేదు, పరిగెత్తనివాళ్ళకి చెప్పినా పట్టదు. అందుకే ఇది చెమట గురించి కాదు. పరుగు అయిపోయాక, ఆ దూరమంతా నిజంగానే పరిగెత్తానని రుజువు చేసుకోడానికి పడ్డ పాట్ల గురించి. కోపం చల్లారితే మర్యాదగా రాస్తానేమోనని ఇప్పుడే కూర్చున్నాను.

ట్రైనింగ్ సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. రెండు గంటల లోపు రావాలంటే సగటున కిలోమీటరుకి 5 నిమిషాల 41 సెకన్లు దాటకూడదు. ఈ లెక్కనే పేస్ అంటారు. నా 10కె (పది కిలోమీటర్ల) టైమ్ 54 నిమిషాలు. పీట్ రీగల్ అనే అమెరికన్ ఇంజినీరు 1977లో ఇచ్చిన సూత్రం ఒకటుంది: కొత్త దూరాన్ని పాత దూరంతో భాగించి, వచ్చినదాన్ని 1.06 ఘాతానికి పెంచి, పాత టైమ్‌తో గుణించాలి. నాకు 1:59:09 వచ్చింది. అంటే కాగితం మీద 51 సెకన్లు చేతిలో ఉన్నాయి. వారాంతంలో ఒక లాంగ్ రన్, వారం మధ్యలో ఒక టెంపో (కాస్త కష్టమైన వేగంతో ఆగకుండా పరుగు), మిగతావన్నీ కబుర్లు చెప్పుకుంటూ పరిగెత్తగలిగేంత మెల్లగా. ఎవర్ని అడిగినా ఇదే చెప్తారు. చెప్పినవాళ్ళు మాత్రం మెల్లగా పరిగెత్తరు.

మా గుంపు చిన్నది. ఫోన్లో గ్రూపు పెద్దది, తెల్లారుజామున నిజంగా వచ్చేవాళ్ళు కొద్దిమంది. వాళ్ళలో లెక్కలు చెప్పే ఒక టీచరు ఉన్నారు, అందరం అక్కా అని పిలుస్తాం. ఆవిడ గురి కూడా రెండు గంటల లోపే. మా ఇద్దరికీ పేసర్‌గా, అంటే అనుకున్న వేగం తప్పకుండా పక్కన పరిగెత్తేవాడిగా, గుంపులో ఒక కుర్రాడు వచ్చాడు. అతని పీబీ 1:42. మా కోసం తన రేసు వదులుకుని, బిబ్ (ఛాతీకి తగిలించుకునే రేసు నంబరు) కొనుక్కుని మరీ మాతో పరిగెత్తాడు. బిబ్ సంగతి ఊరికే చెప్పడం లేదు. రేసులో లేని మనిషి దారిలో కలిసి పేస్ ఇస్తే నిబంధనల ప్రకారం అది సాయం కిందికి వస్తుంది. 2019లో వియన్నాలో ఎలియుడ్ కిప్చోగే మారథాన్ దూరాన్ని 1:59:40కి పూర్తి చేసినా అది ప్రపంచ రికార్డు కాలేదు. 41 మంది పేసర్లు వంతులవారీగా వస్తూ పోతూ ఉండటం అందుకు ఒక కారణం. ఆయన 42.195 కిలోమీటర్లు పరిగెత్తిన టైమ్‌లో నేను సగం దూరం పరిగెత్తాను, అదీ ఒక సెకను ఎక్కువ తీసుకుని. అయినా నా గర్వం నాది.

రేసు బాగా జరిగింది. గన్ పేలిన 3 నిమిషాల 22 సెకన్లకి మేం స్టార్ట్ మ్యాట్, అంటే టైమ్ నమోదు చేసే పట్టా, తొక్కాం. సగం దూరంలో యూటర్న్ దగ్గర ముగ్గురం ఒక వరసలో ఉన్నాం. పదహారో కిలోమీటరు దాటాక అక్క కాళ్ళు బిగుసుకున్నాయి. చేత్తో ముందుకి పొమ్మని సైగ చేశారు, నోటితో చెప్పే ఓపిక కూడా లేదు. పేసర్ నన్ను లాక్కుపోయాడు. ఆఖరి కిలోమీటరు 5:18. ఈ ముక్క నన్ను ఎవరూ అడగలేదు, అయినా రాస్తున్నాను.

ఫినిష్ దాటిన కాసేపటికే మెసేజ్ వచ్చింది: అభినందనలు, మీ తాత్కాలిక టైమ్ 1:59:41. గ్రూపులో పెట్టాను. చప్పట్లు, నిప్పులు, కండలు, నమస్కారాలు వరదలా వచ్చిపడ్డాయి. సాయంత్రం ఫైనల్ రిజల్ట్స్ పెట్టారు. నా పేరు లేదు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతికాను. చివరికి బిబ్ నంబరు కొడితే వేరే పేజీలో దొరికింది: ‘అనర్హులు. మధ్య చెక్‌పాయింట్ నమోదు కాలేదు.’

ఈ నమోదంతా చిప్‌తో జరుగుతుంది. ఆ సంగతి తెలియనివాళ్ళ కోసం. బిబ్ వెనక అతికించిన పల్చటి పట్టీలో బ్యాటరీ ఉండదు. మ్యాట్‌లోని యాంటెన్నా రేడియో తరంగాలు వదులుతుంది, ఆ శక్తితోనే చిప్ మేల్కొని తన నంబరు చెప్తుంది. మనిషి ఒంట్లో నీళ్ళు ఆ తరంగాల్ని మింగేస్తాయి. అందుకే చిప్‌కీ ఒంటికీ మధ్య కొన్నిటికి చిన్న స్పాంజి ముక్క పెడతారు. బిబ్ మడతపడినా, పక్కవాళ్ళు మరీ ఒరుసుకుని నడుస్తున్నా, పరుగులో శక్తి కోసం తినే, రేకు కవర్లో ఉన్న జెల్ చిప్‌కి ఆనుకుని ఉన్నా మ్యాట్‌కి అది వినపడకపోవచ్చు. ఇది తెలుసు కాబట్టే స్టార్ట్‌లో, ఫినిష్‌లో రెండో మ్యాట్ కూడా వేస్తుంటారు. మా యూటర్న్ దగ్గర ఒక్కటే ఉంది. నాది ఎందుకు చదవలేదో ఈ రోజుకీ ఎవరూ చెప్పలేదు.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. అవతల ఒక అబ్బాయి. గొంతులో తేనె.

“సార్, మీరు యూటర్న్ దాకా వెళ్ళారా?”

“వెళ్ళకపోతే వెనక్కి ఎలా వస్తానండీ?”

“కొంతమంది ముందే తిరిగిపోతుంటారు సార్. పర్లేదు, అందరూ ఫన్ కోసమే కదా పరిగెత్తేది. మెడల్ అయితే వెనక్కి అడగం లెండి.”

ఆ చివరి మాట దగ్గర నాకు నోరు పెగల్లేదు. దొంగ అని తిట్టినా తిరిగి తిట్టేవాణ్ణి. దొంగే అయినా పర్లేదులే అని భుజం తట్టినట్టు మాట్లాడితే ఏమనాలి? ఇంట్లో వాళ్ళు మెడల్‌ని తలుపు గొళ్ళేనికి తగిలించారు. అది చూడబుద్ధి కాలేదు.

గ్రూపులో విషయం చెప్పాను. పొద్దున్న చప్పట్లు కొట్టినవాళ్ళలో చాలామంది చదివి ఊరుకున్నారు. ఒకాయన మాత్రం, “చిప్ అబద్ధం చెప్పదు కదా బ్రో” అని పళ్ళు కనిపించే నవ్వు బొమ్మ ఒకటి జోడించాడు. నిజమే, చిప్ అబద్ధం చెప్పదు. ఒక్కోసారి అసలు ఏమీ చెప్పదు.

అప్పుడు అక్క ఫోన్ చేశారు. “తమ్ముడూ, బాధ తర్వాత పడుదువుగానీ. వాచ్‌లో రన్ ఉందా, చెరిపేశావా?”

ఉందన్నాను. అక్కడినుంచి ఆవిడ చెప్పినట్టే నడుచుకున్నాను. ముందు వాచ్ స్క్రీన్‌షాట్ పంపాం. ‘స్క్రీన్‌షాట్లు ఆధారంగా అంగీకరించబడవు’ అని జవాబు. సరే, అందులో న్యాయం ఉంది, బొమ్మని ఎవరైనా మార్చొచ్చు. వాచ్‌లోంచి అసలు ఫైలు తీసి పంపాం. సెకను సెకనుకీ నేనెక్కడున్నానో, గుండె ఎంత కొట్టుకుందో అంతా అందులో ఉంటుంది. దానికి వచ్చిన జవాబు ఇదీ: ‘మీ వాచ్ ప్రకారం దూరం 21.38 కి.మీ. మా కోర్సు 21.0975 కి.మీ. మీ డేటా మా కోర్సుతో సరిపోలడం లేదు.’

చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అడ్డదారిన పోతే దూరం తగ్గాలి గానీ పెరుగుతుందా? రేసులకు టైమింగ్ చేసి బతికేవాళ్ళకి ఇది తెలియకపోతే ఎలా? పద్ధతిగా కొలిచిన కోర్సుని సైకిల్‌తో కొలుస్తారు. ముందు చక్రానికి జోన్స్ కౌంటర్ అనే మీటరు బిగించి, తెలిసిన దూరం మీద సరిచూసుకుని, మలుపుల్లో రోడ్డు అంచుకి 30 సెంటీమీటర్ల దూరంలో, వీలైనంత దగ్గరి దారిన తొక్కుతారు. తక్కువ పడకుండా కిలోమీటరుకి ఒక మీటరు అదనంగా కలుపుతారు. మనం పరిగెత్తేది ఆ గీత మీద కాదు. నీళ్ళ కోసం ఒక పక్కకి, ఎదుటివాణ్ణి దాటడానికి ఇంకో పక్కకి పోతూనే ఉంటాం. పైగా వాచ్‌కి ఉపగ్రహాల లెక్కలో వచ్చే చిన్న చిన్న తేడాలు. అందుకే పెద్ద రేసుల్లో వాచ్ కాస్త ఎక్కువే చూపిస్తుంది. నా వాచ్ సగటు పేస్ 5:36 అంటే, అసలు పేస్ 5:40. వాచ్‌ని నమ్ముకుని 5:39లో హాయిగా పరిగెత్తి, రెండు గంటల్ని దాటేసి, ఫినిష్ దగ్గర గడియారాన్ని తిట్టుకునేవాళ్ళని చాలామందిని చూశాను. మా పేసర్ ఆ పేస్‌ని చూడనే చూడడు. ప్రతి కిలోమీటరు బోర్డు దగ్గర చేత్తో ల్యాప్ నొక్కి, గడిచిన సమయం మాత్రమే లెక్కేస్తాడు. నా సలహా కూడా అదే.

ఇదంతా వివరంగా రాసి పంపితే జవాబే లేదు.

మా గుంపులో ఒక పెద్దాయన ఉన్నారు. చిప్‌లు రాకముందు, ఫినిష్ దగ్గర మనుషులు కాగితం మీద నంబర్లు రాసుకునే రోజులనుంచీ పరిగెత్తుతున్న మనిషి. నా ఈమెయిళ్ళన్నీ చదివి, “ఇందులో నీ కోపం ఉంది గానీ నీ కేసు లేదు” అన్నారు. 1980లో బోస్టన్ మారథాన్‌లో రోజీ రూయిజ్‌ని మహిళల్లో విజేతగా ప్రకటించి, తర్వాత టైటిల్ వెనక్కి తీసుకున్న సంగతి ఆయనే చెప్పారు. అప్పుడు చిప్‌లు లేవు. దారి పొడుగునా చెక్‌పాయింట్ల దగ్గర ఆవిడని చూసినవాళ్ళు లేకపోవడంతో అనుమానం బలపడింది. “నిన్ను చూసినవాళ్ళు ఉన్నారు కదా, వాళ్ళ లెక్క పట్టుకురా” అన్నారు.

ఆ లెక్క అక్క కట్టారు. యూటర్న్ మ్యాట్ మీద ఆవిడ చిప్, పేసర్ చిప్ రెండూ నమోదయ్యాయి. ఆవిడ నెట్ టైమ్ (స్టార్ట్ మ్యాట్ తొక్కినప్పటినుంచి లెక్క) 59:48, అతనిది 59:49. మధ్యలో ఉన్నది నేను. తర్వాత రేసు ఫొటోలు. బిబ్ నంబరుతో వెతికితే నావి వచ్చినవన్నీ ఫినిష్‌వే. అక్క తన నంబరుతో వెతికారు, పేసర్ తన నంబరుతో వెతికాడు. అతని ఫొటోల్లో దొరికింది. యూటర్న్ దగ్గర నారింజ రంగు కోను, కాళ్ళ కింద నల్లటి మ్యాట్, ఎడమవైపు అక్క మోచెయ్యి నా బిబ్‌లో సగాన్ని కప్పేసింది. చివరి రెండంకెలే కనిపిస్తున్నాయి. అందుకే నా నంబరుకి అది దొరకలేదు. వెనక, గన్ పేలినప్పటినుంచి నడిచే గడియారంలో 1:03:10. అందులోంచి 3:22 తీసేస్తే 59:48. లెక్క సెకనుతో సహా సరిపోయింది. ఫోన్లో అక్క గొంతు మొదటిసారి కాస్త పెరిగింది.

ఉత్తరం పెద్దాయన రాశారు. అందులో విశేషణం ఒక్కటీ లేదు. ఫలానా బిబ్‌లకి ఫలానా టైమ్, ఫొటో ఇదీ, మూడు వాచ్ ఫైళ్ళు జతపరిచాం, యూటర్న్ దగ్గర వీడియో ఉంటే ఈ నిమిషం దగ్గర చూడండి, అంతే. కింద ముగ్గురి సంతకాలు. ఆ ఉత్తరానికి జవాబు ఒక్క ముక్కలో వచ్చింది: ‘సవరించబడింది.’ ఎవరు సవరించారు, ఎందుకు పొరబడ్డారు, ఏమీ లేదు. క్షమించమనలేదు. మెడల్ ఉంచుకోమన్న అబ్బాయి మళ్ళీ ఫోన్ ఎత్తలేదు.

మీకు ఇలా జరిగితే ఫోన్ల జోలికి పోకండి, అన్నీ రాతలోనే ఉంచండి. వాచ్ ఫైలు రిజల్ట్స్ ఖాయమయ్యేదాకా చెరపకండి. ఫొటోలు మీ నంబరుతోనే కాదు, పక్కన పరిగెత్తినవాళ్ళ నంబర్లతో కూడా వెతకండి. ఒంటరిగా పరిగెత్తితేనే అసలైన పీబీ అని గొప్పలు పోయేవాళ్ళు ఉంటారు, వాళ్ళకి సాక్షులు అవసరం పడకూడదని కోరుకుంటున్నాను. ఇక గ్రూపులో చప్పట్ల బొమ్మలు పెట్టేవాళ్ళకి ఒక మాట. బొమ్మలు వద్దు, వచ్చే ఆదివారం లాంగ్ రన్‌కి రండి.

ఈ గొడవలో అందరూ మర్చిపోయిన సంగతి ఒకటుంది. అక్క ఆ రోజు 2:01:07లో పూర్తి చేశారు. అది ఆవిడకి పీబీ. గ్రూపులో ఎవరూ పలకరించలేదు, ఆవిడా పెట్టలేదు. తర్వాతి రేసుకి పేరు ఇచ్చేశారు, ఈసారి పేసర్ నేను. ప్లాన్ కూడా నిన్ననే పంపారు: మొదటి అయిదు 5:42, తర్వాత 5:39, వాచ్ పేస్ చూడకూడదు, పదహారో కిలోమీటరు తర్వాత నేను ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. మ్యాట్ వచ్చిన ప్రతిచోటా పక్కపక్కన కాదు, ఒకరి వెనక ఒకరం.