గిగ్ లేన్ ఊడ్చిన రోజు

ఆదివారం, రాత్రి

ఉదయమే బీరువా సర్దడం మొదలుపెట్టాను. సాయంత్రానికి ఒక్క అర పూర్తయింది. పాత కాగితాలు చదవకుండా పారేయడం నాకు చేతకాదు. అడుగున ఇంటి అప్పు తీరినప్పుడు బ్యాంకు తిరిగిచ్చిన పత్రాల కవరు కనిపించింది. దాన్ని పక్కన పెట్టి, చీపురు తీసుకుని దుమ్ము ఊడుస్తుంటే బరీ ఫుట్‌బాల్ క్లబ్బు గుర్తుకు వచ్చింది.

2019 ఆగస్టు 27. ఇంగ్లండ్‌లోని ఆ చిన్న క్లబ్బు మైదానం గిగ్ లేన్‌ను శుభ్రం చేయడానికి ఆ రోజు వందలమంది అభిమానులు వచ్చారు. కొత్త యజమాని వస్తాడని, శనివారం మ్యాచ్ జరుగుతుందని వారి ఆశ. క్లబ్బు అమ్మకం తేల్చడానికి సాయంత్రం అయిదింటికి గడువు. వాళ్లు కుర్చీలు తుడిచిన రోజునే, గడువుకు కాస్త ముందు, బేరం చెడిపోయింది. రాత్రి, పోటీలు నడిపే లీగ్ సంస్థ ఆ క్లబ్బును బహిష్కరించింది. 1894 నుంచి ఉన్న సభ్యత్వం అది. ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ అయిన ఎఫ్.ఏ. కప్ 1903 ఫైనల్‌లో డెర్బీ కౌంటీని 6-0తో ఓడించిన క్లబ్బు. అంతెందుకు, ఆ ఏడాది వసంతంలోనే జట్టు పై డివిజన్‌కు ఎక్కింది. ఆటగాళ్లు తమ పని తాము చేశారు, జీతాలే సరిగా అందలేదు.

2018 డిసెంబరులో స్టీవ్ డేల్ ఆ క్లబ్బును ఒక్క పౌండుకు కొన్నాడు. ఒక్క పౌండు అంటే కారుచవక అనిపిస్తుంది గానీ, దానితో పాటు అప్పులన్నీ నెత్తికి ఎత్తుకోవాలి. తరువాత ఆయనే రేడియోలో, బరీలో ఫుట్‌బాల్ జట్టు ఉందని కూడా తనకు తెలియదని చెప్పాడు. కొనేవాడు ఆపాటి ఆరా తీయడా అని నాకు ఇప్పటికీ చిరాకే.

అయితే అతడొక్కడినే తిట్టుకుంటే లెక్క తేలదు. గిగ్ లేన్ అంతకు ముందు యజమాని కాలంలోనే తాకట్టులో ఉంది. టికెట్ల రాబడికి మించిన జీతాలు ఇచ్చి పై డివిజన్‌కు ఎక్కాలని చూసే చిన్న క్లబ్బులకు కొరత పూడ్చేది యజమాని జేబే. చాలాసార్లు ఆ డబ్బు కూడా క్లబ్బు పద్దులో అప్పుగానే చేరుతుంది. అతడికి విసుగు పుట్టిన రోజున మిగిలేది నేల ఒక్కటే. అదీ తాకట్టులో ఉంటే ఇక దేన్ని పట్టుకుని నిలబడాలి?

నన్ను ఎక్కువగా గుచ్చింది మాత్రం అప్పులవాళ్లతో కుదిరిన ఒప్పందం. ఆటగాళ్లకు, ఇతర క్లబ్బులకు బాకీ పూర్తిగా చెల్లించాలి. అది అక్కడి ఫుట్‌బాల్ నియమం. హామీ లేకుండా సరుకులిచ్చిన మామూలు వ్యాపారులకు పావు వంతు. క్లబ్బును నమ్మి అరువిచ్చిన వాడే అందరికంటే వెనక నిలబడాలి. ఈ ఒప్పందానికి శిక్షగా జట్టుకు 12 పాయింట్ల కోత కూడా పడింది, కొత్త సీజన్‌లో ఒక్క మ్యాచ్ అయినా ఆడకముందే.

2025లో అక్కడ చట్టం చేసి ఫుట్‌బాల్‌కు స్వతంత్ర నియంత్రణ సంస్థను పెట్టారు. కొత్త యజమాని డబ్బు ఎక్కడిదని అది అడగగలదు. సొంత మైదానం అమ్మాలన్నా దాని అనుమతి కావాలి. నాకు ఈ రెండోదే ముఖ్యంగా తోచింది, బహుశా పొద్దున ఆ కవరు చేతికి దొరకడం వల్ల.

2022లో అభిమానులు గిగ్ లేన్‌ను కొన్నారు. మరుసటి ఏడాది బరీ పేరుతో జట్టు మళ్లీ అక్కడ ఆడింది, 2019లో ఎక్కిన మూడో అంచెలో కాదు, తొమ్మిదో అంచెలో. ఆ మొదటి మ్యాచ్‌కు ముందు కుర్చీలు తుడిచినవాళ్లలో 2019 నాటివాళ్లు ఎందరు ఉన్నారో.

పత్రాల కవరును పై అరలోకి మార్చాను. మిగతా రెండు అరలు వచ్చే ఆదివారం.