దారంతో కొలిచిన ఆస్ట్రేలియా

ఇరవై రెండేళ్ళుగా ఆస్ట్రేలియా పటం బోర్డు మీద గీస్తున్నాను. కళ్ళు మూసుకుని గీయమన్నా గీస్తాను. అలాంటి సోషల్ టీచరమ్మ పన్నెండు రోజుల్లో ఆ దేశం చుట్టిరావడానికి వేసిన మొదటి ప్లాన్ విని, వీడియో కాల్‌లో మా తమ్ముడు ఎంత నవ్వాడంటే, వాడి చేతిలో టీ కాస్తా లాప్‌టాప్ మీద ఒలికింది. నాకు కోపం వచ్చింది గానీ, ఫోన్ పెట్టేశాక అదే ప్లాన్ మళ్ళీ చదువుకుంటే నాకూ నవ్వాగలేదు.

వాడుండేది మెల్‌బోర్న్ శివార్లలో, టార్నీట్‌లో. తొమ్మిదేళ్ళ నుంచి "రా అక్కా" అంటూనే ఉన్నాడు. ఈ ఏడు దసరా సెలవులకి రెండు సీఎల్‌లు కలిపితే పన్నెండు రోజులు చేతికొస్తున్నాయి. మావారికీ సెలవు దొరికింది. చిన్నదానికి బీటెక్ మూడో ఏడు, దాని సెలవుల గురించి అడిగే పనే లేదు. లాంగ్‌సైజు నోట్‌బుక్ ఒకటి తీసి, స్కేలుతో గళ్ళు కొట్టి ఇలా రాశాను: మెల్‌బోర్న్ రెండు రోజులు, కెయిర్న్స్ రెండు, ఆలిస్ స్ప్రింగ్స్‌లో దిగి ఉలూరు అనే పెద్ద రాయి చూడ్డానికి ఒక పూట, సిడ్నీ రెండు, చివర్లో సిడ్నీలో రాత్రి రైలెక్కి పొద్దున్నే పెర్త్‌లో దిగడం.

"అక్కా, ఆ రాత్రి రైలు మూడు రాత్రులు నడుస్తుందే" అన్నాడు తమ్ముడు.

నిజమే. ఇండియన్ పసిఫిక్ అని ఆ రైలు పేరు. సిడ్నీ నుంచి పెర్త్‌కి 4,352 కిలోమీటర్లు. మధ్యలో నల్లార్బర్ మైదానంలో 478 కిలోమీటర్లు ఒక్క మలుపు కూడా లేకుండా పోతుంది. టికెట్టు కూడా మన స్లీపర్ క్లాసు లాంటిది కాదు, ఆ డబ్బుతో ఇంకో దేశం చూసిరావచ్చు. తెనాలిలో రాత్రెక్కితే తెల్లారేసరికి ఎక్కడో ఒకచోట దిగే అలవాటు నాది. రైలంటే నా బుర్రలో అదే లెక్క.

"మరి ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి ఉలూరు పక్కనే కదరా?"

"పక్కనే. కారులో అయిదు గంటలు."

రెండిటికీ మధ్య దాదాపు 450 కిలోమీటర్లు. విజయవాడ నుంచి చెన్నైకి రైల్లో 430. అంటే చెన్నై సెంట్రల్‌లో దిగి, "దుర్గగుడి పక్కనే, ఒక పూటలో చూసొచ్చేస్తాం" అన్నట్టుంది నా ప్లాన్.

తప్పంతా పటానిదే అని మావారితో వాదించాను. మా బళ్ళో గోడకి వేలాడే ప్రపంచ పటంలో గ్రీన్‌లాండ్ ఏనుగంత, ఆస్ట్రేలియా దూడంత. నిజానికి గ్రీన్‌లాండ్‌లాంటివి మూడున్నర పడతాయి ఆస్ట్రేలియాలో. ఆ సంగతి ఏటా పిల్లలకి చెప్పేది నేనే. 77 లక్షల చదరపు కిలోమీటర్లు, మనది 33 లక్షలకి కాస్త తక్కువ, అని డిక్టేట్ చేసేదీ నేనే. చెప్పడం వేరు, ఆ చదరపు కిలోమీటర్ల మీద సూట్‌కేసు లాక్కుంటూ తిరగడం వేరు.

ఆ రాత్రి చీర ఫాల్ కుట్టే దారం ఒక మూర తెంపి అట్లాసు ముందేసుకుని కూచున్నాను. ప్రపంచ పటం ఉన్న పేజీలో సిడ్నీ మీద ఒక కొస, పెర్త్ మీద ఒక కొస పెట్టి, పెర్త్ దగ్గర గోటితో నొక్కి పట్టుకున్నాను. అదే దారం తీసి మన దేశం మీద పైనుంచి కిందికి పరిచాను. కశ్మీర్ కొసన మొదలుపెడితే కన్యాకుమారికి సరిపోయింది. తర్వాత అంకెలు చూశాను. సిడ్నీ, పెర్త్‌ల మధ్య విమాన దూరం దాదాపు 3,290 కిలోమీటర్లు. మన దేశం ఉత్తర దక్షిణాల పొడవు 3,214, అది నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అంటే మన దేశం మొత్తం పొడవుని ఒక రాత్రిలో దాటి, పొద్దున్నే ఇడ్లీ తిందామనుకున్నానన్నమాట. పెర్త్ గడి మీద ఇంటూ కొట్టేశాను. ఆ ఒక్క గీతతో ప్రాణం తేలికపడింది.

ఆ తర్వాత దారం పక్కనపెట్టి గంటలు లెక్కేయడం మొదలుపెట్టాను. అసలు చిక్కు అక్కడే ఉంది. విమానం మూడు గంటలే అనుకుంటాం. కానీ పెట్టెలు సర్దడం, రెండు గంటల ముందే చేరడం, దిగి సామాను కోసం నిలబడటం, మళ్ళీ హోటల్ దాకా బస్సు, ఇవన్నీ కలిపితే ఒక్కో విమానానికి ఒక పగలు పోతుంది. నా మొదటి ప్లాన్‌లో అక్కడ అక్కడే నాలుగు ప్రయాణాలున్నాయి. పన్నెండులో రాకపోకలకి మూడు రోజులు పోతాయి, ఈ నాలుగు కూడా తీసేస్తే మిగిలేది అయిదు. అయిదు రోజుల్లో అయిదు ఊళ్ళు! ఇక్కడ ఒక ట్రావెల్స్ వాళ్ళని అడిగితే వాళ్ళ ప్యాకేజీలో ఊళ్ళు ఇంకా ఎక్కువున్నాయి. ఫోటోలో చేతులు చాచి నిలబడి, వెంటనే బస్సెక్కే పద్ధతి అది. దానికోసం బంగారం తాకట్టు పెట్టే పరిస్థితి రాకూడదు.

కాబట్టి మూడే చోట్లు. మెల్‌బోర్న్ తప్పదు, తమ్ముడి ఇల్లు అది. రెండు రోజులుండి లేచిపోతే మరదలు ఏమనుకుంటుంది? సిడ్నీ కూడా తప్పదు. ఇంత దూరం వెళ్ళి ఆ ఒపెరా హౌస్ చూడకుండా వస్తే మా స్టాఫ్‌రూమ్‌లో బతకనివ్వరు. మూడోదాని దగ్గరే గొడవ. చిన్నదానికి కెయిర్న్స్ కావాలి, సముద్రంలో మునిగి పగడాలు చూడాలట. నాకు ఉలూరు కావాలి.

చిన్నదాని వాదనలో బలం ఉంది. 2,300 కిలోమీటర్ల పగడాల దిబ్బలు, ప్రపంచంలో ఇంకెక్కడా అంత లేవు. కుట్టే జెల్లీఫిష్‌ల కాలం అక్కడ నవంబర్‌లో మొదలవుతుంది, అక్టోబర్ అయితే ఇబ్బంది లేదు. ఖర్చూ ఉలూరు కంటే తక్కువే. ఉలూరు దగ్గర బస చేయాలంటే యులారా అనే ఒక్క చోటే దిక్కు, దానికి తగ్గట్టే రేట్లు. నా వైపు వాదన ఏమీ లేదు. చాలా ఏళ్ళు క్లాసులో దాన్ని ఏయర్స్ రాక్ అని చెప్పాను. నేల మీంచి 348 మీటర్లు లేచిన రాయి అన్నాను, జనం ఎక్కుతారని కూడా చెప్పాను. అది అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకి పవిత్రమైన చోటని, ఎక్కొద్దని వాళ్ళు ఎన్నాళ్ళుగానో మొత్తుకుంటున్నారని తర్వాతెప్పుడో చదివాను. 1985 అక్టోబర్ 26న ఆ నేలని వాళ్ళకి తిరిగి అప్పగించారు. ఎక్కడం పూర్తిగా ఆపేసింది 2019లో, సరిగ్గా అదే తారీఖున. అప్పట్నుంచీ దాని చుట్టూ ఒకసారి నడవాలని నాకు కోరిక. చుట్టూ దారి పది కిలోమీటర్లు. ఒక రకంగా ప్రదక్షిణే.

"నీకు ఉద్యోగం వచ్చాక నీ డబ్బుతో కెయిర్న్స్ వెళ్దువులే" అన్నాను. ఇందులో న్యాయమేమీ లేదు. ప్లాన్ వేసేది నేను, అంతే.

రెండు రోజులు మాట్లాడలేదది. మూడో రోజు తనే వచ్చి నా నోట్‌బుక్‌లో తప్పు పట్టుకుంది. మెల్‌బోర్న్ నుంచి ఉలూరుకి విమానం గంటన్నర, ఉలూరు నుంచి సిడ్నీకి అయిదు గంటలు అని రాసుకున్నాను నేను. వచ్చేటప్పుడు ఎదురుగాలేమో అనుకున్నాను కూడా. "గాలి కాదమ్మా, గడియారం" అంది. అక్టోబర్ మొదటి ఆదివారం నుంచి మెల్‌బోర్న్, సిడ్నీల్లో గడియారాలు గంట ముందుకి తిప్పుతారు, ఉలూరు వైపు తిప్పరు. దాంతో మెల్‌బోర్న్ మనకంటే అయిదున్నర గంటలు ముందుంటే ఉలూరు నాలుగు గంటలే ముందు. వెళ్ళేది సుమారు మూడు గంటలే, వచ్చేది మూడున్నరే. మన దేశపు టైముకి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం పాఠం చెప్పే మనిషికి కూతురి చేత చెప్పించుకోవాల్సి వచ్చింది. రాజీ కుదిరిందిలే.

టికెట్ల విషయంలో తమ్ముడు చెప్పిన మాట మాత్రం ఎవరికైనా పనికొస్తుంది. రానూపోనూ ఒకే ఊరికి తీసుకోకుండా, మెల్‌బోర్న్‌లో దిగి సిడ్నీలో ఎక్కేలా తీసుకోమన్నాడు. సింగపూర్ మీదుగా మాకు రేటులో పెద్ద తేడా రాలేదు. వెనక్కి మెల్‌బోర్న్ రావాల్సిన పగలు ఒకటి మిగిలింది.

ఆ మిగిలిన పగటిని గ్రేట్ ఓషన్ రోడ్డుకి ఇచ్చాను. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా తవ్వి వేసిన దారి అది, 243 కిలోమీటర్లు. పొద్దున్నే వెళ్ళి రాత్రికి వచ్చేద్దాం అన్నాడు తమ్ముడు. వద్దన్నాను. సముద్రం పక్కన ఒక రాత్రి పడుకోవాలి నాకు. పైగా పొద్దుగూకే వేళ రోడ్డుకి అడ్డంగా కంగారూలు గెంతుతాయని తనే భయపెట్టాడు కదా! అపోలో బేలో గది తీసుకున్నాం. ఆ దారిలో సముద్రంలో నిలబడి ఉండే ట్వెల్వ్ అపోస్టల్స్ రాళ్ళు పేరుకే పన్నెండు. 2005లో ఒకటి కూలి ఎనిమిదయ్యాయి.

మావారి కోరిక ఒక్కటే, ఎంసీజీ, అంటే మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్. 2024 డిసెంబర్‌లో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ కొట్టిన చోటు చూడాలట. ఆ రోజు టీవీ ముందు ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను కాబట్టి బేరమాడలేదు.

ఇక బాపట్లలో మా అమ్మ. కొడుక్కి గోంగూర పచ్చడి, సున్నుండలు, కందిపొడి సిద్ధం చేసేసింది. తినేవి ఏం తెచ్చినా విమానంలో ఇచ్చే కార్డులో రాసి చూపించాలి. రాసి చూపిస్తే మహా అయితే తీసుకుంటారు. దాచి దొరికితే జరిమానా, వీసా కూడా రద్దు చేయొచ్చు. "నెయ్యి వేసి చేశాను, దాన్ని తీసి చెత్తబుట్టలో వేస్తారా వాళ్ళు!" అని అమ్మ అరగంట బాధపడింది. చివరికి కందిపొడి ఒక్కటీ తీసుకెళ్దామన్నాను, అదీ రాసి చూపించే.

ఇప్పుడు నోట్‌బుక్‌లో గళ్ళన్నీ పెన్నుతో నింపాను, పదో రోజు తప్ప. సిడ్నీలో అది చివరి పూర్తి రోజు. చిన్నది అందులో పెన్సిల్‌తో "కటూంబా" అని రాసింది. బ్లూ మౌంటెన్స్‌కి సెంట్రల్ స్టేషన్ నుంచి రైల్లో రెండు గంటలు, కెయిర్న్స్ పోగొట్టుకున్న మనిషి కాబట్టి గట్టిగా అనలేను. సిడ్నీకి దక్షిణాన హెలెన్స్‌బర్గ్‌లో వేంకటేశ్వర స్వామి గుడి ఉందని అమ్మకి ఎవరో చెప్పారు. రోజూ ఫోన్ చేసి, "వెంకన్న ఎన్నో రోజున?" అని అడుగుతోంది. రెండూ రెండు దిక్కుల్లో ఉన్నాయి. నిన్న రాత్రి మళ్ళీ దారం తీశాను.